కూర్చునే చదువు

చర్ల దాటి అడవిలోకి పోతే వచ్చే చిన్న ఊరు ముత్తక్కది. ఆమెకు ఒకటే పంతం: కూతురు శ్యామల నీడపట్టున కూర్చుని బతకాలి. పోడు చేసుకుని, బీడీల తునికాకు కోసుకుని బతికే ఆ ఇంట్లో కూర్చోవడమంటే జ్వరమొచ్చినప్పుడే. అందుకే కొత్తగూడెంలో ఎం.ఏ. చదివే పిల్ల సెలవులకు రాగానే ఇంట్లో ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ ఆమెదైపోయేది. చీపురు పట్టనివ్వదు, బిందె ముట్టనివ్వదు. నీడ జరిగితే కుర్చీని కూడా జరుపుతుంది. అంత గారాబం రాణులకైనా జరుగుతుందో లేదో.

శ్యామలకేమో నడుం నొప్పి. హాస్టల్ మంచం మీద వంగి, లైబ్రరీలో పొద్దంతా కదలకుండా కూర్చుని కొనితెచ్చుకున్నది. పుస్తకం పడితే దించని మొండిఘటం మరి. దవాఖానాలో డాక్టరమ్మ ఎముకకేం కాలేదంది. అరగంటకోసారి లేవమంది, బాగా నడవమంది. ఆ సంగతి ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారని శ్యామల భయం. ఆఖరి పరీక్షలు ఇంకెంతో దూరంలో లేవు. పళ్లు బిగబట్టి నవ్వుతూ కుర్చీలోనే కూర్చుంది.

ఓ సాయంత్రం వాకిట్లో ఆడవాళ్లంతా తునికాకు కట్టలు కడుతున్నారు. శ్యామల లేవబోయి లేవలేకపోయింది. అరవై దాటిన పక్కింటి పున్నమ్మ రెక్క పట్టి లేపాల్సొచ్చింది.

ముత్తక్క చేతిలో ఆకు కింద పెట్టింది. “ఇగ చాలు. పరీక్షలొద్దు, ఏమొద్దు. నడుం ఇరగ్గొట్టే సదువు మనకెందుకే?”

“సదువు కాదమ్మా, కూసునుడు,” అని శ్యామల డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పేసింది.

“కూసోవాల్ననే గదా నిన్ను సదివించింది,” అంది ముత్తక్క.

శ్యామలకు ఏడుపొచ్చింది. ఇప్పుడు ఏడిస్తే పరీక్ష పోయినట్టేనని దిగమింగుకుంది. కుర్చీని జరిపి పున్నమ్మను అందులో కూర్చోబెట్టింది.

“నువ్వన్నట్టే కూసుంటనమ్మా. లేవాల్సినప్పుడు లేస్త గూడ. రేపటి సంది నీ ఎంట అడవికి నడుస్త. నా నడక జూసి చెప్పు, పంపుతవో లేదో.”

మర్నాటి నుంచి తల్లీకూతుళ్లు కలిసే వెళ్లారు. ముత్తక్క బరువు మోయనివ్వలేదు. వెనకాలే నడుస్తూ, సంతలో కోడెను చూసినట్టు కూతురి నడక చూసేది. మొదట్లో శ్యామల చెట్టు చెట్టుకూ ఆగేది. రాను రాను తల్లికే ఆయాసం తెప్పించింది. నొప్పి పూర్తిగా పోలేదు గానీ లొంగింది. ఒక పొద్దున ముత్తక్క తనే బట్టలు సర్దింది.

“నడక సక్కగయింది. పరీక్షకు పద, నేను గూడ వస్త.”

బస్సులో దొరికింది ఒకటే సీటు. ముత్తక్క కూతుర్నే కూర్చోబెట్టింది. అలవాటు ఎక్కడికి పోతుంది. అరగంట కాగానే శ్యామల లేచి, వద్దంటున్నా తల్లిని ఆ సీట్లో కూర్చోబెట్టి, పైనున్న కడ్డీ పట్టుకుని నిలబడింది.

పక్క సీటు పెద్దాయనకు ఇది నచ్చలేదు. “ఏందమ్మా, సదువుకునే పిల్లను నిలబెట్టి నువ్వు కూసున్నవ్?”

ముత్తక్క సీట్లో ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చుంది.

“ఎం.ఏ. పరీక్షకు పోతాంది అన్నా. అందుకే నిలబడ్డది.”