అక్వేరియం మీద గులాబీ కాగితం

ఇరవై ఏళ్లకు పైగా సినిమాల్లో లైట్‌మ్యాన్‌ని. దెయ్యం సీన్లకు నీలం లైటూ పొగా పెట్టింది ఈ చేతులే. భయాన్ని ఎలా తయారుచేస్తారో తెలిసినవాణ్ణి కాబట్టి దెయ్యాలను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్ముతున్నానని అనను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మల్లేష్ నా దగ్గరే పని నేర్చుకున్నాడు. యూసుఫ్‌గూడలో మా వెనక వీధిలో ఉండేవాడు. పోయిన ఏడాది మా అక్వేరియానికి లైటు కొనడానికి తనే వెంట వచ్చాడు. నేను తెల్ల లైటు తీసుకున్నాను.

"అన్నా, గిది జర ఆకుపచ్చ కొడ్తుంది. చేపలు రోగమొచ్చినట్టు కనవడ్తయ్."

"నాకే లైటింగ్ నేర్పుతున్నావా?"

"నీకు నేర్పేటంతోణ్ణా? చేపల దిక్కెల్లి చెప్తున్న," అని నవ్వాడు.

ఇంట్లో బిగించాక, గోల్డ్‌ఫిష్‌లు పాలిపోయినట్టున్నాయని మా ఆవిడ రమణి కూడా అంది. నాకు మాత్రం ఎర్రగానే కనిపించాయి.

తర్వాతి వారం ఫిల్మ్ నగర్ సెట్లో నా చీఫ్ లైట్‌మ్యాన్ పని తీసి మల్లేష్‌కు ఇచ్చారు. అన్నకు రంగులు సరిగ్గా తెలియడం లేదని కెమెరామన్‌కు చెప్పింది వాడేనట. నా ఇంట్లో అన్నం తిన్నవాడు.

ఆ సాయంత్రమే ఇంటికి వచ్చాడు. సెట్లో ట్యూబ్‌లైట్ల ఆకుపచ్చదనం చంపడానికి వాడే గులాబీ జెలటిన్ కాగితం కొలతకు కత్తిరించి తెచ్చి, అక్వేరియం లైటుకు పెట్టాడు. మూడు చెక్క క్లిప్పులు. ఎడమవైపు రెండు, కుడివైపు ఒకటి. మొదటి నుంచీ వాడి అలవాటు అది.

నేను దాన్ని పీకి, నాలుగు ముక్కలు చేసి, క్లిప్పులతో సహా బయట పారేశాను. మళ్లీ నా గడప తొక్కొద్దన్నాను.

"నిన్ను తీసెయ్యమనలేదన్నా. కండ్లు చూపియ్యమన్న, గంతే," అన్నాడు.

ఎనిమిది నెలలు మాటల్లేవు. తర్వాత జూబ్లీహిల్స్ రోడ్డు మీద బైకు ప్రమాదంలో పోయాడు. నేను చివరిచూపుకు కూడా వెళ్లలేదు. అందరూ నన్నే తప్పుపట్టారు. నాకు జరిగింది వాళ్లకు జరగలేదు.

పదకొండో రోజున రమణి మల్లేష్ వాళ్లింటికి వెళ్లింది. నేను అక్వేరియం లైటు ఆపి, ఇంటికి తాళం వేసి, చేపల మేత కోసం మధురానగర్ వెళ్లాను. మా ఇంటికి తాళంచెవి ఒక్కటే. అది నా జేబులోనే ఉంది. తిరిగొస్తుంటే సందు మొదట్లో రమణి కలిసింది. ఇద్దరం కలిసే తలుపు తీశాం.

లైటు వెలుగుతోంది. దానికి గులాబీ జెలటిన్. ఎక్కడా చిరుగు లేదు. చెక్క క్లిప్పులు ఎడమవైపు రెండు, కుడివైపు ఒకటి. మా ఇంట్లో ఉన్నవన్నీ ప్లాస్టిక్‌వి.

రమణి చేపలను చూసి, "ఇప్పుడు ఎర్రగా ఉన్నాయండీ," అని ఏడ్చింది.

నాకు తేడా ఏమీ తెలియలేదు.

కాగితం ఎవరు పెట్టారో ఇప్పటికీ చెప్పలేను. వాడే అయితే, నన్ను క్షమాపణ అడగడానికి రాలేదు. లైటు సరిచేసి పోయాడు. అదీ నాకు మిగిల్చిన మర్యాద.

రోజూ పొద్దున ఆ కాగితం తీసి చూస్తాను. చేపలు ఎర్రగానే ఉంటాయి. పెట్టి చూస్తాను. అలాగే ఉంటాయి. ఎడమవైపు రెండు, కుడివైపు ఒకటి బిగించి, పనికి వెళ్తాను.