మెట్టు తక్కువ బండి

ఇంటిల్లిపాదీ పట్టే కారు కొందామని తాడేపల్లిగూడెం వెళ్లాం. అబ్బాయి ఏసీ చూశాడు, కోడలు సామాన్ల చోటు చూసింది. మా ఆయన మాత్రం నా మోచెయ్యి పట్టుకుని ప్రతి బండీ ఎక్కించి దింపారు.

"మా ఆవిడ మోకాళ్లు ఒప్పుకున్నదే కొంటామండీ," అన్నారు. చివరికి మెట్టు తక్కువున్నది కుదిరింది.

అది ఇంటికొచ్చేలోపే ఆయన పోయారు. బండికి నిమ్మకాయలు తొక్కించేనాడు, ముండమోసినదాన్ని ఎదురు రాకూడదని పెరట్లోనే ఉండిపోయాను. కోడలు వచ్చి, "మీ మోకాళ్ల కోసం కొన్న బండి అత్తయ్యగారూ, మీరెక్కకుండా కదలదండీ," అంది.

మెట్టు నాకు సరిగ్గా సరిపోయింది. అలవాటున మోచెయ్యి పక్కకి చాపాను. అక్కడ ఎవరూ లేరు.

కొల్లేటికోట అమ్మవారి గుడి దాకా ఏడుస్తూనే ఉన్నాను. "చల్లగా ఉందా అమ్మా?" అని అబ్బాయి అడుగుతూనే ఉన్నాడు.