నేను పిలవని ఎల్లవ్వ

ముప్పై అయిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నేను కోరుట్ల కోర్టులో అటెండర్‌గా చేసి రిటైరయ్యాను. వరండాలో నిలబడి కక్షిదారుల పేర్లు మూడుసార్లు పిలవడం నా పని. పిలిచినా రాకపోతే జడ్జిగారు కేసు కొట్టేస్తారు. నా కేక బస్టాండు దాకా వినపడుతుందని పేరు. అదొక గర్వం నాకు.

ఆ రోజు మాత్రం నా నోట్లో మిరపకాయ బజ్జీ ఉంది. పొగలు కక్కుతోంది. ఎల్లవ్వ కేసు వచ్చింది. సిరిసిల్లలో బీడీలు చుట్టుకునే మనిషి, కోరుట్లలో తండ్రి ఇచ్చిన జాగా కోసం తిరుగుతోంది. ఆమె లాయరు మల్యాల కల్లుగీత కుటుంబపు అమ్మాయి. ఆ అమ్మాయికి అదే మొదటి కేసు. ఇద్దరూ టైపిస్టు రేకుల షెడ్డు వెనకే ఉన్నారు. బజ్జీ మింగలేను, ఉమ్మలేను. గుమ్మం దాకా వెళ్లి, తిరిగొచ్చి, ఎవరూ లేరన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఫైల్లో మునిగి ఉన్న జడ్జిగారు నా కేక వినపడలేదని గమనించలేదు. కేసు కొట్టేశారు.

అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, పిలిచినవా?"

"మూడుసార్లు పిలిచిన మేడం. మీరే ఇనలే."

"గట్లనా... అయితే తప్పు నాదే అన్నా."

వాళ్ల సీనియర్ అందరి ముందే తిట్టాడు. తలవంచుకుని నిలబడింది. మళ్లీ అర్జీ పెట్టి కేసు తెరిపించింది, గెలిచింది, జాగా ఎల్లవ్వకే వచ్చింది. అంతా మంచే జరిగింది కదా, మరి ఎందుకు దాచావురా అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో! మొదట ఉద్యోగం పోతుందని భయం. తర్వాత, ఒక బజ్జీ కోసమని చెప్పుకోవడానికి సిగ్గు.

ఆ అమ్మాయి జగిత్యాల, హైకోర్టు, ఢిల్లీ అంటూ ఎదిగిపోయింది. జడ్జి అయ్యాక ఎక్కడ కూర్చున్నా, మనిషి రాలేదని కేసు కొట్టేసే ముందు మధ్యాహ్నం ఇంకోసారి పిలిపించేవారట. ఈ ఏడాది దేశంలోకెల్లా పెద్ద కోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు! వీధంతా లడ్డూలు పంచాను. మోకాళ్ల నొప్పులు మరిచి డప్పుల ముందు ఎగిరాను. నా ఇంట్లో పెళ్లయినా అంత సంతోషపడను.

జగిత్యాల సన్మానంలో మేడం నన్ను గుర్తుపట్టి, స్టేజీ మీదికి పిలిచి, తన శాలువా నాకు కప్పారు. ఈ అన్న మూడుసార్లు పిలిచినా వినని నిర్లక్ష్యం తనదనీ, ఆ రోజు నేర్చుకున్నదే ఇంతదూరం తెచ్చిందనీ మైకులో చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చెప్పడానికి మైకు జానెడు దూరంలోనే ఉంది. ఆమె అంత సంతోషంగా ఉంటే నోరు రాలేదా, లేక నా భయమేనా? రెండూ అనుకుంటాను.

మరునాడు పొద్దున పెరట్లో నిలబడి "సిరిసిల్ల ఎల్లవ్వా!" అని మూడుసార్లు కేకేశాను. గోడ అవతల పక్కింటోళ్లు లేచి చూశారు. మా ఇంటామె వంటింట్లోంచి "ఎవలచ్చిండ్రు?" అంది. నవ్వొచ్చింది. గొంతు మండింది, గుండె తేలికయింది.

మేడం, మీరు వినకపోవడం కాదు. ఆ రోజు నేను పిలవనే లేదు.