ప్లేయరన్న రాసిచ్చిన కాగితం

కొరియాలోని గున్సాన్ ఊళ్ళో బాయిలర్లు బాగుచేసే ప్యో తేసిక్‌ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. పొద్దున్నే ఆరింటికి హైస్కూలు మైదానంలో ఫుట్‌బాల్ ఆడే క్లబ్బులో అతను అందరికీ ‘ప్లేయరన్న’. యాభై మూడేళ్ళకి పొట్ట వచ్చింది, మోకాలికి పట్టీ వచ్చింది, ఆ పేరు మాత్రం చెక్కుచెదరలేదు. స్కూలు జట్టులో ఆడేవాణ్ణనీ, కాలు విరగకపోతే ఈపాటికి ఎక్కడో ఉండేవాణ్ణనీ అతను చెప్పని కల్లు దుకాణం లేదు. మనిషికి ఉన్న ఆస్తల్లా ఆ పేరే.

ఆడాడు, నా మొహం! జట్టులో చేరతానని వెళ్ళిన పదకొండో రోజే కోచ్ ఇంటికి పొమ్మన్నాడు. రిజిస్టర్లో పేరైనా ఎక్కలేదు. తర్వాత సైన్యంలో ఆటగాళ్ళకి మంచు ఎత్తిపోసే పని ఉండదని విని ‘నేను ప్లేయర్ని సార్’ అని ఒక్క మాట అన్నాడు. ఆ మాట నోట్లో నాని నాని నిజమై కూర్చుంది. పెళ్ళిచూపుల్లోనూ అదే చెప్పాడు. మామగారికి ఫుట్‌బాలంటే పిచ్చి మరి.

ఈ ఏడు జిల్లా పోటీలకి కొత్త నిబంధన వచ్చింది. స్కూలు రోజుల్లో ఆటగాళ్ళుగా నమోదైనవాళ్ళు ఏ క్లబ్బులోనూ ఇద్దరికి మించి ఆడకూడదట. క్లబ్బులో అలాంటివాళ్ళు ఇద్దరు ముందే ఉన్నారు. ప్లేయరన్న మూడోవాడు. అతన్ని తీసేస్తే మిగిలేది పదిమందే.

క్లబ్బు ప్రెసిడెంటు మెంగ్ ఛుంగిల్ చేపల వేలంలో ముదిరిన మనిషి. సందు వెతికి పట్టుకున్నాడు.

“పాత రిజిస్టర్లు కంప్యూటర్లోకి ఎక్కలేదు తమ్ముడూ. ‘నేనెప్పుడూ ఆడలేదు’ అని రాసి సంతకం పెట్టెయ్. ఎవడు తవ్వి తీస్తాడు?”

“నన్ను అబద్ధం రాయమంటావా అన్నా?”

“క్లబ్బు కోసం, ఈ ఒక్కసారికి. నీ కాళ్ళు పట్టుకుంటా.”

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరుకుతుందా? చెప్పాడా? పెద్ద త్యాగం చేస్తున్నవాడిలా నిట్టూర్చి సంతకం పెట్టాడు, సిగ్గులేని మనిషి!

తీరా ఆట మొదలయ్యే వేళకి అవతలి జట్టు కెప్టెన్ లేచాడు. “ఆయన ప్లేయరండీ! మొన్న మా టేబుల్ దగ్గరే కూర్చుని గంటసేపు కోతలు కోశాడు!”

అధికారి తేసిక్‌ని మైదానం మధ్యకి పిలిచాడు. గట్టు మీద ఆడవాళ్ళతో కూర్చుని పియర్ పళ్ళు కోస్తున్న అతని భార్య మల్‌సున్ చాకు ఆపి చూసింది.

“స్కూలు జట్టులో ఆడారా, లేదా? అందరికీ వినబడేలా చెప్పండి.”

“ఆడలేదండీ.”

“ఒక్కసారి కూడా?”

“ఒక్కసారి కూడా.”

వెనక జట్టువాళ్ళు నవ్వాపుకోలేక వంగిపోతున్నారు. “ఓర్నాయనో, కళ్ళార్పకుండా ఎలా చెప్పాడ్రా!” అన్నాడొకడు. తేసిక్ చెవులు కాలిపోయాయి. తేలు కుట్టిన దొంగలా వెళ్ళి తన చోట నిలబడ్డాడు.

ఒక్క గోల్ తేడాతో గెలిచారు. మధ్యాహ్నం పంది మాంసం పులుసు హోటల్లో మెంగ్ లేచి నిలబడ్డాడు. వయసులో పెద్దవాడై ఉండి కూడా రెండు చేతులతో తేసిక్ గిన్నెలో బియ్యపు కల్లు పోశాడు.

“నీ ఆటని నీ చేత్తోనే కొట్టేయించాం. మమ్మల్ని క్షమించు తమ్ముడూ,” అంటూ తల వంచాడు. అతని కళ్ళు చెమర్చాయి.

ఆ వంగిన తలని చూసి తేసిక్ తట్టుకోలేకపోయాడు. “అన్నా, తల ఎత్తు. నేను రాసింది నిజమే. నేనెప్పుడూ ఆడలేదు.”

హోటలంతా ఘొల్లుమంది. “చాల్లే అన్నా, అధికారి వెళ్ళిపోయాడు!”

“ఒట్టు, నిజం!” అన్నాడు. ఇంకా నవ్వారు.

నవ్వనిది పక్క బల్ల దగ్గరున్న మల్‌సున్ ఒక్కతే. ఇంటికి నడుస్తుంటే దారిలో అంది: “ఇరవై ఏడేళ్ళు పట్టిందేమయ్యా ఆ మాట అనడానికి?”

తేసిక్ ఆగిపోయాడు. “నీకు తెలుసా?”

“పెళ్ళికి ముందే మా నాన్న మీ స్కూలుకెళ్ళి కనుక్కొచ్చాడు.”

“మరి అడగలేదేం?”

“నాన్నే వద్దన్నాడు. ‘పిల్లాడు మంచోడే, ఏదో ఒకరోజు వాడే చెప్తాడు’ అన్నాడు. పోయేదాకా చూశాడు. ప్రతి పండక్కీ నీ పక్కన కూర్చుని, ఆ కాలు విరిగిన కథ మళ్ళీ చెప్పమని అడిగేవాడు, గుర్తుందా?”

గుర్తుంది. ఆయన అడిగిన ప్రతిసారీ ఇంకాస్త చేర్చి చెప్పాడు తేసిక్.