విశ్వాసమ్మకు దొరికిన అయిదు నిమిషాలు

దేవుడు చేసిన మేలు గురించి చర్చిలో సాక్ష్యం చెప్పడానికి విశ్వాసమ్మ లేచిందంటే వెనక కూర్చున్న చంటిబిడ్డల తల్లులు దుప్పట్లు పరుచుకునేవాళ్లు. ఎగతాళి కాదు, అనుభవం. తప్పిపోయిన మేక దొరికిన సంగతి చెప్పాలంటే ఆమె తన పెళ్లినాటి నుంచి ఎత్తుకునేది. మధ్యలో ఒక పాట, బైబిలు వాక్యాలు, అత్తగారి జబ్బు. అయినా ఒక్కరూ లేచిపోయేవాళ్లు కాదు. ఏడిపించాలంటే ఏడిపించేది, నవ్వించాలంటే నవ్వించేది. రాయచోటి చుట్టుపక్కల సంఘాల్లో అలాంటి నోరు ఇంకొకటి లేదని ఆమె నమ్మకం. అది తప్పుడు నమ్మకమేమీ కాదు.

నోరెంతుంటే ఏం, ఇంట్లో నీళ్లుండాలి కదా. ఎకరన్నర వేరుశనగ చేను, అది లేనప్పుడు కూలి. మొగుడు లేవి ఇళ్లు కట్టే బేల్దారి. మెరక మీదున్న వాళ్ల పేటకు కొళాయి నీళ్లు ఎక్కవు. నీళ్ల ట్రాక్టరు ఎప్పుడొస్తుందో ఆ ట్రాక్టరుకే తెలియదు. పెద్దవాళ్లిద్దరూ పనికి పోతే బిందెలతో నిలబడేది కూతురు క్రిస్టినా. ఆ పిల్ల రాయచోటిలో ఇంటర్ చదువుతోంది. ట్రాక్టరు కోసం కాచుకుని మొన్న ఒక పరీక్షే పోగొట్టుకుంది. "ఇట్లయితే కాలేజీ మానుకుంటా మా. నీళ్లన్నా సక్కంగా పట్టొచ్చు" అంది ఒకరోజు. కోపంగా కాదు, మామూలుగానే అంది. ఆ మాట విశ్వాసమ్మ గుండెల్లో కలుక్కుమంది.

అప్పుడే ఊరికి ఓవర్‌హెడ్ ట్యాంకు మంజూరైంది. మంజూరైతే కట్టేసినట్టేనా? ఊళ్లో రెండు పార్టీలు. పైవీధికి మహానందిరెడ్డి పెద్ద, కిందివీధికి ఓబులరెడ్డి. ట్యాంకు మా వీధిలోనంటే మా వీధిలోనని ఇద్దరూ పట్టుబట్టారు. ఇంతకుముందు ఒక బడి భవనం ఇట్లాగే పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు పక్కూరికి పోయింది. ఈసారి గ్రామసభలో తేలకపోతే ట్యాంకుదీ అదే దారని మండలం ఆఫీసరు ముందే చెప్పేశాడు. పేట తరఫున ఒకరు మాట్లాడొచ్చు, అయిదే నిమిషాలు. సంఘం ఆడవాళ్లంతా విశ్వాసమ్మ వైపు చూశారు. ఆమె అప్పటికే కొంగు సర్దుకుంటోంది.

ఆ సాయంత్రం లేవి అన్నం తింటుంటే మొదటిసారి మాట్లాడి చూపించింది. ఇశ్రాయేలీయులు అరణ్యంలో దప్పిగొన్న దగ్గర మొదలుపెట్టింది. మోషే నీళ్ల కోసం బండను కొట్టేసరికి లేవి గోడకానుకుని గురక పెడుతున్నాడు. క్రిస్టినా మాత్రం చివరిదాకా విని తల అడ్డంగా ఊపింది.

"మా, నువ్వు దేవునికి చెప్పినట్టు చెప్తాండావు. ఆయనకు మన సంగతి ముందే తెలుసు. వీళ్లు దేవుళ్లు కాదు కదా."

"మనకు నీళ్లు లేవని ఊరంతా ఎరుగుదురు లే."

"మనకు లేవని తెలుసు. అయితే వాళ్లకేం? వాళ్లకేం కావాల్నో నీకు తెలుసునా?"

విశ్వాసమ్మకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల తనకు మాట్లాడటం నేర్పుతోంది. అయితే నిజం ఎవరు చెప్పినా నిజమే. పొద్దున్నే చీర మార్చుకుని ఊళ్లోకి బయలుదేరింది.

ముందు పంపు తిప్పే మద్దిలేటిని పట్టుకుంది. ట్యాంకు ఎక్కడ కడితే ఎవరికి నీళ్లొస్తాయని అడిగింది.

"నీళ్లకు పల్లం తప్ప పార్టీ తెలీదుక్కా. పైవీధిలో కడితే మీ పేటకు ఎక్కవు. కిందివీధిలో కడితే యాడికీ ఎక్కవు. అందరికీ పారాలంటే మీ చర్చి మిట్ట ఒకటే."

విశ్వాసమ్మ ముఖం వెలిగింది, ఆ వెంటనే ముడుచుకుంది. చర్చి మిట్ట అంటే పేట. పేటలో నిలబడిన ట్యాంకు నీళ్లు ఊరివాళ్లు తాగుతారా? ఈ ప్రశ్న ఊళ్లో ఎవరూ పైకి అడగరు. హోటల్లో గ్లాసులు కలిశాయి, బడిలో బెంచీలు కలిశాయి. ఇంట్లో నీళ్లకుండ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇంకా కాళ్లు ఆగిపోతాయి.

మగవాళ్లు చేలకు పోయిన వేళ చూసి పెరటి వాకిలి నుంచి మహానందిరెడ్డి ఇంటికి పోయింది. ఆయన భార్య రామేశ్వరమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మా బోరు ఎండిపోయి శానా దినాలాయె విశ్వాసమ్మా. ఆయన పరువుకు పోయి ఎవురికీ చెప్పడు. పక్కూరి నుంచి ట్రాక్టరు తెప్పిస్తాండాడు, అదీ చీకటి పడినాక." కిందివీధిలో ఓబులరెడ్డి తల్లి సిద్దమ్మ గోడు ఇంకొక రకం. బోరులో నీళ్లున్నాయి, అన్నీ ఉప్పు. ఎంతసేపు మంట పెట్టినా పప్పు ఉడకదు. ఇద్దరూ తమ పేరు ఎత్తొద్దన్నారు. విశ్వాసమ్మ ఎత్తనని మాటిచ్చింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. చర్చి మిట్ట సంఘానిది, దాన్ని ట్యాంకుకు ఇమ్మని ముందు తనవాళ్లనే అడిగింది. ఏటా కోతపండుగ జరిగేది ఆ మిట్ట మీదే, అది వదులుకోవడానికి సంఘ పెద్దలు గింజుకున్నారు. "పండగ మిట్ట కింద చేసుకుంటే దేవునికి కనపడదా?" అని విశ్వాసమ్మ ఒక్క మాట అడిగింది. వాళ్లు ఒప్పుకున్నారు.

ఇక మాటలు పేర్చుకోవడం. క్రిస్టినా ముందు మోషేను తీసెయ్యమంది. విశ్వాసమ్మ ప్రాణం ఉసూరుమంది, అయినా తీసేసింది. అత్తగారి జబ్బు కూడా పోయింది. మిగిలినదాన్ని చేలో కలుపు తీస్తూ తోటి ఆడవాళ్లకు వినిపించేది. ఏ మాట దగ్గర వాళ్ల చేతుల్లో తొలికలు ఆగితే ఆ మాట ఉంచుకుంది. ఆగకపోతే ఎంత ముద్దొచ్చిన మాటైనా అక్కడే పాతేసింది.

ఇంకొక చిక్కు మిగిలింది. ఊళ్లో ఎవరు మైకు పట్టుకున్నా ముందు పెద్దల పేర్లు చెప్పాలి. మహానందిరెడ్డి పేరు ముందొస్తే ఓబులరెడ్డి మనుషులు లేచిపోతారు, అటుదిటైతే వీళ్లు పోతారు. దీన్ని ఎట్ల దాటాలని క్రిస్టినా అడిగింది. "అది నాకిడిసిపెట్టు" అంది విశ్వాసమ్మ. మైకు ముందు పుట్టకపోయినా మనుషుల మధ్య పుట్టింది కదా.

గ్రామసభ బడి ఆవరణలో జరిగింది. ఇద్దరు రెడ్లూ చెరో కొసన కూర్చున్నారు. వెనక వరండాలో ఆడవాళ్లు. ఎన్నడూ సభకు రాని రామేశ్వరమ్మ, సిద్దమ్మ కూడా వచ్చి నిలబడ్డారు. నీళ్ల బాటిలున్న సంచి భుజాన వేసుకునే విశ్వాసమ్మ మైకు అందుకుంది.

"వరండాలో ఉండే అమ్మలకు ముందు వందనాలు. మగోళ్లకు నీళ్లు తాగేది తెలుసు, తెచ్చేది మీకే తెలుసు. పెద్దోళ్లకు చివర్లో చెప్తా."

ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. రెడ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తనకంటే ముందు ఎదుటివాడి పేరు రాలేదు కాబట్టి లేచిపోవడానికి ఇద్దరికీ సందు దొరకలేదు.

"ఈ ఊళ్లో ఒక పెద్దింట్లో బోరు ఎండింది. ఇంకో పెద్దింట్లో పప్పు ఉడకదు. ఎవురిండ్లో నేను చెప్పను. నా ఇల్లు చెప్తా. నీళ్ల కోసం నిలబడి నా బిడ్డ పరీక్ష పోగొట్టుకునింది. అందరికీ నీళ్లు పారేది చర్చి మిట్ట మీద కడితేనే. పంపు తిప్పే మద్దిలేటి ఈడనే ఉండాడు, అడగండి. ఆ మిట్ట మా సంఘం ఊరికే ఇస్తాండాది. ఇంగ ఎవురూ అడగని మాట నేనే అడుగుతాండా. మా పేట ట్యాంకు నీళ్లు మీరు తాగుతారా? తాగేది లేదంటే ఇప్పుడే చెప్పండి. నా బిడ్డను కాలేజీ మాన్పించుకుంటా."

ఆఫీసరు బల్లకేసి చూస్తున్నాడు. తన మాటకు మనుషులు ఇంతసేపు పలక్కపోవడం విశ్వాసమ్మ ఎరగదు. చెడగొట్టుకున్నానా అనుకుంది.

రామేశ్వరమ్మ వరండా దిగింది. మొగుడి వైపు చూడకుండా నేరుగా మైకు దగ్గరికొచ్చింది.

"బోరు ఎండింది మా ఇంట్లోనే. నీ సంచిలో నీళ్ల బాటిలుండాది కదా, ఇట్లియ్యి."

విశ్వాసమ్మ తీసిచ్చింది. రామేశ్వరమ్మ ఎత్తి పోసుకోలేదు. మూతి పెట్టి, అందరూ చూస్తుండగా, సగం బాటిలు తాగింది. వరండాలోంచి సిద్దమ్మ కేకేసింది: "ఆ మిగిలింది నాకు తీసుకురా మే."

మహానందిరెడ్డి గొంతు సవరించుకుని, మిట్ట మీదైతే తనకు అభ్యంతరం లేదన్నాడు. ఓబులరెడ్డి ఆయన మాట పూర్తికాకముందే తనకూ లేదన్నాడు. పంచాయతీ కార్యదర్శి తీర్మానం రాసుకుని తలెత్తాడు. "ఇంకా టైముందమ్మా. చెప్పేదేమైనా ఉందా?"

"శానా ఉండాది సార్. ఆయమ్మ చెప్పేసింది" అని విశ్వాసమ్మ కూర్చుంది. పుట్టిన తర్వాత ఆమె టైము మిగల్చడం అదే మొదలు.

ఇంటికి పోతుంటే క్రిస్టినా అడిగింది. "ట్యాంకు కట్టేసరికి ఎండాకాలం వస్తాది మా. అందాకా ఎట్ల?"

"నువ్వు కాలేజీకి పో. అందాకా బిందెలు నేను పట్టుకుంటా."

"మరి కూలి?"

"పోతే పోనీ. వాళ్లు తాగకపోతేనే నిన్ను మాన్పిస్తానని అంతమంది ముందర అనేసినా. వాళ్లు తాగినారు. నువ్వు మానితే నా మాట అబద్ధమైతాది" అంది విశ్వాసమ్మ.