అబ్బులు దొంగరాడ్డు

తణుకులో భీమవరం వెళ్లే రోడ్డు పక్కన అబ్బులు షెడ్డుకి బోర్డు లేదు. ఇంజను మొరాయిస్తే అబ్బులు దగ్గర పడెయ్యమని చుట్టుపక్కల రైతులు ఒకరికొకరు చెప్పుకునేవారు కాబట్టి ఏళ్ల తరబడి దాని అవసరమే రాలేదు. రోడ్డుకి అటువైపు, సరిగ్గా ఎదురుగా, నీలం రంగు బోర్డుతో ఇంకో షెడ్డు వెలిసిన రోజున మాత్రం అబ్బులుకి తన షెడ్డు బోసిగా కనిపించింది. ఆ కొత్త షెడ్డు పరాయివాడిదైతే బాగానే ఉండేది. అది అతని భార్య సూర్యకళ తమ్ముడు యుగంధర్‌ది.

స్పానరు పట్టుకోవడం దగ్గర్నుంచి యుగంధర్‌కి పని నేర్పింది అబ్బులే. ఇప్పుడు శిష్యుడి షెడ్డు ముందు ట్రాక్టర్లు ఆగుతుంటే గురువు కళ్లలో నిప్పులు పోసుకునేవాడు. మధ్యాహ్నం సూర్యకళ పంపే క్యారేజీలు రెండూ ముందు అతని దగ్గరికే వచ్చేవి. తమ్ముడి క్యారేజీ మూత తీసి, రొయ్యలు ఎటు ఎక్కువున్నాయో చూసుకుని గానీ దాన్ని రోడ్డు దాటించేవాడు కాదు.

అన్నిటికన్నా అబ్బులుని కోసేది దొంగరాడ్డు సంగతి. డీజిల్ ఇంజన్లో కింద తిరిగే క్యామ్ ఎత్తిన ఎత్తుని పైనున్న రాకరుకి అందించేది పుష్‌రాడ్డు. రాకరు అటు లేస్తే ఇటు వాల్వు తెరుచుకుంటుంది. పాడైన హెడ్డుని లేతు మీద పెట్టి అడుగు చెక్కిస్తే అది ఆ మేరకు కిందికి దిగుతుంది. పాత రాడ్డు అప్పుడు పొడుగైపోయి వాల్వుని మూసుకోనివ్వదు. అందుకని అబ్బులు పాత రాడ్డొకటి రెండుగా కోసి, మధ్యలో మరలున్న బోల్టు పెట్టాడు. ఇటు తిప్పితే పెరుగుతుంది, అటు తిప్పితే తగ్గుతుంది. దాన్ని ఇంజన్లో నిలబెట్టి సరిపోయే పొడుగు కనిపెట్టి, అసలు రాడ్డుని ఆ కొలతకి కోసేవాడు. దానికి దొంగరాడ్డని పేరు పెట్టిందీ అతనే. యుగంధర్ అలాంటిదే సన్నటి మరలతో, నున్నగా, చూడముచ్చటగా చేసుకున్నాడు. రైతులు దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి మురిసిపోయేవారు. తన దాన్ని ఇన్నేళ్లలో ఒక్కడూ ముట్టుకోలేదే అని అబ్బులు కుమిలేవాడు.

తొంభైతొమ్మిది ఎండాకాలం. కాలువలు కట్టేశారు. చెరకు తోటలకి బోరు నీళ్లే దిక్కు. పక్క ఊరి పెద్ద రైతు ఉదయభాస్కర్ గారి ఇంజను హెడ్డు పగుళ్లిస్తే అబ్బులు అతుకు వేయించి, అడుగు చెక్కించి బిగిస్తున్నాడు. ఆయన ఎటు వెళ్తే ఆ ఊరి ఇంజన్లన్నీ అటే. ఈ ఒక్కటి చేజారితే తన షెడ్డుకి తలుపులు వేసుకోవచ్చని అబ్బులుకి తెలుసు.

ఇంజనుని చేత్తో తిప్పాలంటే డీకంప్రెషన్ లివరు పైకెత్తాలి. అది ఎగ్జాస్టు వాల్వుని కాస్త తెరిచి పట్టుకుంటుంది కాబట్టి చక్రం తేలిగ్గా తిరుగుతుంది. తిప్పడం అయ్యాక లివరు దించి, వాల్వు మూసుకున్నాకే రాడ్డు కొలవాలి. ఇది అబ్బులు చేతులకి కళ్లకన్నా బాగా తెలిసిన పని. ఆ రోజు అతను లివరెత్తి, చక్రం తిప్పి, దొంగరాడ్డు నిలబెట్టాడు. సరిగ్గా అప్పుడే ఎదురు షెడ్డులో మూలుగుతున్న ఇంజనొకటి ఒక్క తిప్పుకి అందుకుంది. జనం నవ్వులు. ఎవరిదా అని అబ్బులు మెడ సాచి అటు చూశాడు. అటు చూస్తూనే బోల్టు బిగించాడు, రాడ్డు కోశాడు, రాకరుకీ వాల్వుకీ మధ్య ఉండాల్సిన ట్యాపెట్ సందు కూడా పెట్టేశాడు. లివరు మాత్రం ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది.

ఇంజను స్టార్టవలేదు. లివరు దించినా హ్యాండిల్ నీళ్లలో తెడ్డులా మెత్తగా తిరుగుతోంది. అబ్బులు నాజిల్ మార్చాడు, పంపు విప్పాడు, రింగులు పోయాయేమో అన్నాడు. రాడ్డుని తప్ప అన్నిటినీ అనుమానించాడు. ఆ కొలత తప్పిందంటే ఎదురుషెడ్డు వాడి రాడ్డు గెలిచినట్టే కదా.

మర్నాడు ఉదయభాస్కర్ గారు వచ్చారు. "తోట వాలిపోతందయ్యా అబ్బులూ. ఇంక నావల్ల కాదు. ఓసారి మీ బావమరిదికి చూపిద్దాం."

"వాడు చూసేదేముందండి? నేను నేర్పిందే కదండి వాడికొచ్చేది."

"నేర్పిన వాడికి రానిది నేర్చుకున్నవాడికి వచ్చిందేమో, చూస్తే పోయేదేముంది?" అంటూ ఆయనే రోడ్డు దాటి యుగంధర్‌ని వెంటబెట్టుకొచ్చారు.

యుగంధర్ హ్యాండిల్ సగం తిప్పాడు. ఎగ్జాస్టు రాకరు మీద వేలు పెట్టి కదిపి చూశాడు. అది కదల్లేదు. లివరు వైపు చూశాడు, తర్వాత బావ వైపు చూశాడు. ఆ చూపులో అబ్బులుకి అంతా అర్థమైపోయింది. చెంప చెళ్లుమన్నట్టయింది. ఇప్పుడు వీడు నోరు విప్పితే, సాయంత్రానికి ఊరు ఊరంతా ఆ మాటే చెప్పుకుంటుంది.

"లివరు స్ప్రింగు పోయిందండి," అన్నాడు యుగంధర్. "దించినా పూర్తిగా దిగట్లేదు. పాత ఇంజన్లతో ఇదే గొడవండి, కొలతని మోసం చేస్తాయి. బావ సాయంత్రానికి చేసిచ్చేస్తాడు."

"నువ్వే చెయ్యకూడదా?"

"బావ విప్పిన ఇంజను మీద నేను చెయ్యి వెయ్యనండి. మా అక్క నాకు క్యారేజీ పంపడం మానేస్తది."

ఉదయభాస్కర్ గారు నవ్వేసి వెళ్లిపోయారు.

ఆయన కనుమరుగయ్యాక అబ్బులు లివరు పట్టుకుని చూశాడు. స్ప్రింగు నిక్షేపంలా ఉంది.

"ఏరా, నాకు ముష్టేశావా?"

"ముష్టేంటి బావా. లివరు దించకుండా కొలిచానని నన్ను రెంచితో కొట్టావు, గుర్తుందా? ఆ బొప్పి ఇంకా ఉంది, చూడు."

"ఇంకోటి తగిలిస్తానేమో, అవతలికి పో."

"పోతున్నా. ఇవాళ క్యారేజీలో రొయ్యలు ఏరుకోకుండా పంపు," అంటూ యుగంధర్ రోడ్డు దాటాడు.

అబ్బులు లివరు దించి మళ్లీ కొలిచాడు. రాడ్డు బియ్యపుగింజ మందం ఎక్కువుంది. కోసి, రాడ్డు చివరుండే ఉక్కు గిన్నెని తిరిగి దిగ్గొట్టి, ట్యాపెట్ సర్ది హ్యాండిల్ వేశాడు. ఈసారి హ్యాండిల్ భుజాన్ని ఎదురు తన్నింది. ఇంజను అందుకుంది. బండి తెచ్చి ఇంజను ఎక్కించుకుంటూ ఉదయభాస్కర్ గారు, "ఎంతైనా నీ చెయ్యి నీ చెయ్యే," అన్నారు. ఆయన ఊరి ఇంజన్లు ఇటే వస్తాయి. అబ్బులు కోరుకున్నది దక్కింది.

అయినా ఆ సాయంత్రం అతనికి ముద్ద దిగలేదు. పని వాడికి వచ్చు, సరే. మరలు వాడివి సన్నం, సరే. చివరికి మంచితనం కూడా వాడికే ఉండాలా? దాన్నయినా తనకి వదిలెయ్యకూడదా?

కంచంలో అన్నం కెలుకుతుంటే సూర్యకళ అడిగింది, "కూర బాలేదా?"

"మీ తమ్ముడికి బాగుండుంటది," అన్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు అబ్బులు అదే షెడ్డులో ఇంజన్లు బాగుచేశాడు. బోర్డు పెట్టలేదు. దొంగరాడ్డూ మార్చలేదు. వచ్చిన మార్పల్లా ఒక్కటే. కొలతకి కూర్చోగానే ముందు లివరు దించేవాడు, దిగిందో లేదో చేత్తో తడిమి చూసుకునేవాడు. ఆ తర్వాతే మెడ సాచి, రోడ్డుకి అటువైపు ఎవరి బండి ఆగిందో చూసేవాడు.