అన్నయ్య చెవికి అందని సిగ్నల్

మా అన్నయ్య నాతో మాట్లాడడు. ఫోను చేస్తే ఎత్తడు. వేరే నంబరు నుంచి చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తాడు. బెజవాడ గవర్నర్‌పేటలో మా నాన్న పెట్టిన ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టుకి ఒకసారి నేరుగా వెళ్ళాను. కౌంటరు దగ్గర నుంచి లేచి, నా వంక కూడా చూడకుండా, ఫ్యాన్ల అట్టపెట్టెల మధ్య నుంచి గోడౌన్‌లోకి వెళ్ళిపోయాడు. చాలాసేపు కూర్చున్నాను. కొట్టులో పనిచేసేవాళ్ళు నాకు టీ ఇచ్చారు. ఆ తర్వాత ఏం చేయాలో తెలియక ఫ్యాను వేశారు, కాసేపటికి వాళ్ళే ఆపేశారు. ఇక లేచి వచ్చేశాను.

అందుకే హ్యామ్ రేడియో లైసెన్సు తీసుకున్నాను. సరదాకి కాదు, సైన్సు మీద ప్రేమతో అంతకన్నా కాదు. కక్షతో.

హ్యామ్‌లంటే ఇంట్లో ఒక సెట్టు, డాబా మీద ఒక ఏంటెనా పెట్టుకుని, ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సుతో ఒకరితో ఒకరు గాలిలో మాట్లాడుకునే మనుషులు. అన్నయ్యకి కాలేజీ రోజుల నుంచీ ఆ పిచ్చి. రోజూ పొద్దున్నే బెజవాడ చుట్టుపక్కల హ్యామ్‌లందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీదికి వచ్చి హాజరు పలుకుతారు. దాన్ని నెట్ అంటారు. కంట్రోలర్ అని ఒకాయన కూర్చుని, ఒక్కొక్కరి కాల్‌సైన్, అంటే లైసెన్సుతో పాటు ఇచ్చే అక్షరాలూ అంకే కలిసిన గుర్తు, పిలిచి, మీ సిగ్నల్ నాకిలా అందుతోందండీ అని రిపోర్టు ఇస్తాడు. ఏళ్ళ తరబడి ఆ కుర్చీ మా అన్నయ్యదే. నా చిన్నప్పుడు వాడి పక్కన స్టూలేసుకుని కూర్చునేదాన్ని. అప్పుడప్పుడు మైకు నా నోటి దగ్గర పెట్టి గుడ్ మార్నింగ్ చెప్పించేవాడు. “నెట్‌లో ఎవడు పిలిచినా పలకాలే. శత్రువైనా సరే పలకాలి. అది మా ధర్మం,” అని గొప్పలు పోయేవాడు. వాడు మరిచిపోయి ఉండొచ్చు, నేను మరిచిపోలేదు.

కోపంలో వాడు అని రాస్తున్నాను. రాయనివ్వండి.

నేను క్రైస్తవుల అబ్బాయిని చేసుకున్నాను. ఉయ్యూరులో చర్చిలో పెళ్ళయింది. మా వైపు నుంచి పిట్ట కూడా రాలేదు. రాకపోతే రాకపోయారు, బతకలేదా ఏం? కానీ మా నాన్న పోతే నాకు కబురు చేయలేదు. ఉయ్యూరు చంద్రమండలంలో లేదు, బెజవాడలో బస్సెక్కితే గంట. కూరగాయల మార్కెట్లో మా కొట్టు పాత గుమాస్తా ఎదురై, “ఏంటమ్మాయ్, నాన్నగారి పెద్దకర్మకి కూడా రాలేదేం? ఒంట్లో బాగోలేదా?” అన్నాడు. నేను వంకాయలు ఏరుతున్నాను. నాన్న పోయాడని నాకు తెలిసింది అలాగ.

ఆ రోజు నుంచీ నాకు కావలసింది ఒక్కటే. ఎందుకు చెప్పలేదో వాడి నోటితో చెప్పాలి. గోడౌన్‌లో దాక్కుని కాదు, నలుగురూ వింటుండగా చెప్పాలి.

విషయం చెప్తే మా ఆయన నవ్వాడు. “మీ అన్నయ్యని తిట్టడానికి సెంట్రల్ గవర్నమెంటు పర్మిషన్ తెచ్చుకుంటావా? ఊరికే తిట్టెయ్, ఎవరడుగుతారు?” అన్నాడు.

“ఊరికే తిడితే వాడికి వినపడదు,” అన్నాను.

కొత్తవాళ్ళకి రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ అని ఒక లైసెన్సుంది. పై గ్రేడుకైతే మోర్స్ కోడ్ టకటకలు కూడా రావాలి, దీనికి అక్కర్లేదు. కాస్త ఎలక్ట్రానిక్స్, కాస్త రూల్సు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పుకునేదాన్ని, ఎలక్ట్రానిక్స్ నాకు పెద్ద కష్టం కాలేదు. రూల్సు మాత్రం ఒళ్ళు మండుతూ చదివాను. హ్యామ్‌లు గాలిలో వ్యాపారం మాట్లాడకూడదు. రేడియో సంగతులు మాట్లాడుకోవచ్చు. సొంత సంగతులు కూడా మాట్లాడుకోవచ్చు గానీ, అవి ఫోను చేసి చెప్పుకునేంత ముఖ్యమైనవి కాకూడదు. ఆ రూలు దగ్గర ఆగిపోయాను. నాన్న పోయిన కబురు మా అన్నయ్యకి ఫోను చేసేంత ముఖ్యం అనిపించలేదు కదా! అయితే రూలు ప్రకారం అది రేడియోలో అడగొచ్చు.

పరీక్ష పాసయ్యాక పోలీసు ఎంక్వైరీకి కానిస్టేబుల్ వచ్చాడు. “వైర్‌లెస్సెందుకండీ మీకు? సెల్లు లేదా?” అన్నాడు.

“ఉందండీ. అవతల మనిషి ఎత్తట్లేదు.”

“ఎవరండీ ఆ మనిషి?”

“మా అన్నయ్య.”

ఆయన కాసేపు నా మొహం చూశాడు. “మా అక్కా ఇంతేనండీ,” అని, ఇచ్చిన మజ్జిగ తాగేసి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

కాల్‌సైన్ వచ్చింది. మా కొత్తవాళ్ళ కాల్‌సైన్లలో అంకె మూడు, పై గ్రేడు పాతవాళ్ళకి రెండు. అన్నయ్యది రెండు. ఇంటిపేరు వినగానే కులం లెక్కేసుకునే మనుషులకి ఇది ఇంకో సదుపాయం. మూడు అనగానే అవతలివాళ్ళ గొంతు ఒక మెట్టు కిందికి దిగుతుంది. “ఓహో, న్యూకమ్మరా అమ్మా? నేర్చుకోండి, నేర్చుకోండి,” అంటారు. యాభై ఏళ్ళ ఆడదాన్ని, నాకు ఓనమాలు దిద్దిస్తారట. మొదట నూట నలభై నాలుగు నుంచి నూట నలభై ఆరు మెగాహెర్ట్జ్ దాకా ఉన్న రెండు మీటర్ల బ్యాండ్‌లో తిరగండి, అందరూ అక్కడే మొదలుపెడతారు అని సలహా. సలహా అక్కర్లేదు నాయనా, నాకు పనున్నదే అక్కడ. అన్నయ్య నెట్ నడిపేది ఆ బ్యాండ్‌లోనే.

డాబా మీద ఏంటెనా బెజవాడ వైపు తిప్పి కట్టించుకున్నాను. చెరకు ఆడే రోజులు, ఫ్యాక్టరీ వాసనకి ఊరంతా ముక్కు మూసుకుని తిరుగుతోంది. పొద్దున్నే సెట్టు ముందు కూర్చున్నాను. అన్నయ్య గొంతు వచ్చింది. ఎన్ని ఏళ్ళయిందో ఆ గొంతు నిమిషం పాటు ఆగకుండా విని. అందరినీ పేరుపేరునా, గారు తగిలించి, నవ్వుతూ పలకరిస్తున్నాడు. ఎంత మర్యాద! ఎంత మంచితనం! కొత్త స్టేషన్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. మైకు నొక్కి నా కాల్‌సైన్ చెప్పి, “ఉయ్యూరు నుంచండీ. గుడ్ మార్నింగ్,” అన్నాను.

అన్నయ్య, “ఎవరో చాలా బలహీనంగా వస్తున్నారండీ. ఏమీ అర్థం కావట్లేదు. తర్వాతి స్టేషన్, ప్లీజ్,” అన్నాడు.

అబద్ధాలకోరు!

అప్పుడు గన్నవరం నుంచి ఒక పెద్దాయన అందుకున్నాడు. రిటైరైన మనిషి, ఆయన్ని నేను ఇప్పటికీ చూడలేదు, గొంతు మాత్రమే తెలుసు. “కంట్రోల్, ఆ అమ్మగారు నాకు ఫైవ్ నైన్ అండీ. ఉయ్యూరు నుంచి కొత్త స్టేషన్. రిలే చేయమంటారా?” అన్నాడు. ఫైవ్ నైన్ అంటే స్పష్టతకి ఐదుకి ఐదు, బలానికి తొమ్మిదికి తొమ్మిది. అంతకు మించిన సిగ్నల్ లేదు. గన్నవరంలో గంటలా మోగుతున్నదాన్ని, ఏంటెనా ఎదురుగా గవర్నర్‌పేటలో, కొట్టు మీదే ఉన్న వాళ్ళింట్లో వినపడనట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. వీడు చెవిటివాడూ కాదు.

“చేయండి,” అన్నాడు అన్నయ్య.

“ఆవిడ గుడ్ మార్నింగ్ అంటున్నారండీ.”

“గుడ్ మార్నింగ్ అని చెప్పండి.”

“అమ్మా, కంట్రోల్ మీకు గుడ్ మార్నింగ్ అంటున్నారు.”

ఇదీ వరస. ఒక కంచంలో తిన్న ఇద్దరి మధ్య గన్నవరం పెద్దాయన నిలబడి గుడ్ మార్నింగులు మోసేవాడు. రోజూ ఇంతే. అన్నయ్యకి నేను వినపడను, పెద్దాయన రిలే చేస్తాడు. ఆయనకేం తెలుసు పాపం, సాయం చేస్తున్నాననుకునేవాడు. తప్పుడు సిగ్నల్ రిపోర్టు ఇవ్వడం హ్యామ్‌లలో పెద్ద నీచం. అందకపోతే అందలేదనాలి, అందితే అందిందనాలి. దాని మీదే వాళ్ళ బతుకంతా నడుస్తుంది. ఆ నీతి నాకు నేర్పిందీ వీడే.

నేను మూర్ఖురాల్ని. ఏంటెనా ఇంకా ఎత్తు లేపించాను. మా ఆయన పైపు పట్టుకుని చెమటలు కక్కుతూ, “ఇంకో పదడుగులు లేపితే మీ అన్నయ్యకేంటి, మీ నాన్నగారిక్కూడా వినపడుద్ది,” అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. ఆయన కిందికి దిగొచ్చి, అడగకుండానే కాఫీ కలిపి తెచ్చాడు.

ఎత్తు లేపాక కూడా అన్నయ్య చెవికి నేను అందలేదు. పైగా ఒక రోజు నెట్‌లో, “సాయంత్రాలు పాతవాళ్ళందరం నలభై మీటర్ల మీద కలుద్దామండీ. ఇక్కడ ఈమధ్య రద్దీ ఎక్కువైంది,” అన్నాడు. రద్దీ అంటే నేను. నలభై మీటర్లంటే షార్ట్‌వేవ్, ఎక్కడెక్కడివాళ్ళతోనో మాట్లాడొచ్చు. అందులో కొత్తవాళ్ళకీ కొంత చోటు ఇచ్చారు, పవరుకి మాత్రం ముకుతాడు వేశారు. కానీ దానికి వేరే పెద్ద సెట్టు కావాలి, నా దగ్గర లేదు. కొత్తవాళ్ళ దగ్గర అది ఉండదని వాడికి తెలుసు. మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో మూలపడ్డ రిసీవర్ ఒకటి ఉంటే ప్రిన్సిపాల్‌ని అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. అది వినడానికే పనికొస్తుంది, తిరిగి మాట్లాడ్డానికి లేదు. సరే, వినైనా చద్దాం అనుకున్నాను.

ఒక సాయంత్రం దొరికాడు. మద్రాసు నుంచి అన్నయ్య పాత స్నేహితుడు ఒకాయన, కాలేజీ రోజుల నాటివాడు, చాలా కాలానికి కలిసినట్టున్నాడు. ఇంటి సంగతులు అడుగుతున్నాడు. ఉన్నట్టుండి, “అవునూ, మీకో చెల్లెలుండాలి కదండీ? పక్కన కూర్చుని మైకులో గుడ్ మార్నింగ్ చెప్తూ ఉండేది. భలే గొంతు. ఎలా ఉంది ఆ పిల్ల?” అన్నాడు.

ఎవరో, ఎక్కడో మద్రాసులో, నా గొంతు గుర్తు పెట్టుకున్నాడు.

“లేదండీ,” అన్నాడు అన్నయ్య. “మీరింకెవర్నో అనుకుంటున్నారు. నాకు తోబుట్టువులెవరూ లేరు.”

“అలాగా, సారీ అండీ,” అన్నాడు మద్రాసాయన. వాన సంగతిలోకి పోయారు.

నేను రిసీవర్ మీద అరిచాను. నోటికొచ్చిందల్లా అన్నాను. ఇక్కడ రాయను. వంటింట్లోంచి మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. వినడానికి మాత్రమే పనికొచ్చే పెట్టెని ఎంత తిడితే ఏం లాభం? దాన్ని నేలకేసి కొట్టేదాన్నే, కాలేజీది అని గుర్తొచ్చి ఆగాను.

మర్నాడు పొద్దున నెట్‌కి అందరికంటే ముందు కూర్చున్నాను. వరసలో నా వంతు వచ్చేదాకా ఆగాను. కాల్‌సైన్ చెప్పాను. గుడ్ మార్నింగ్ చెప్పలేదు.

“కంట్రోల్ గారికి సిగ్నల్ రిపోర్టండీ. నిన్న సాయంత్రం నలభై మీటర్ల మీద మీరు మాకు ఉయ్యూరులో ఫైవ్ నైన్. ప్రతి మాటా వినపడింది. చెల్లెలి గురించి మద్రాసు ఆయనతో అన్న మాట కూడా వినపడింది.”

ఎవరూ మైకు నొక్కలేదు. పెద్దాయన కూడా రిలే అనలేదు. నేనే మళ్ళీ నొక్కాను.

“అన్నయ్యా, ఎవరూ లేరని నువ్వు అనుకున్నా నేనున్నాను. ఒకటి అడుగుతాను, జవాబు చెప్పు. నాన్న పోతే నాకెందుకు చెప్పలేదు? ఒక్క ఫోను. ఎందుకు చేయలేదు? ఓవర్.”

అవతల మైకు నొక్కారు. అన్నయ్యే, నొక్కిపెట్టి ఉంచాడు. వెనక ఎక్కడో కుక్కరు విజిల్ వేసింది. “ఎవరండీ? మీ చెల్లెలేనా?” అని మా వదిన గొంతు చిన్నగా వినపడింది. నా పెళ్ళయ్యాక ఆవిడ గొంతు వినడం అదే మొదలు.

అప్పుడు మాట్లాడాడు. కాల్‌సైన్ చెప్పలేదు, కంట్రోల్ అనలేదు, అండీ లేదు.

“నాన్నే చెప్పొద్దన్నాడే. పోయే ముందు నా చేతిలో చెయ్యేయించుకున్నాడు. దాన్ని నా మొహం చూడనివ్వద్దు అన్నాడు. నన్నేం చేయమంటావ్? చెప్పు. ఏం చేయమంటావ్?”

ఆ గొంతు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అది అబద్ధం చెప్తే ఎలా ఉంటుందో ఈమధ్య రోజూ పొద్దున్నే విన్నాను. ఇది అలా లేదు.

ఇన్నాళ్ళూ నాన్న మాత్రం నాకోసం అడిగే ఉంటాడు, చివర్లో గుమ్మం వైపు చూసే ఉంటాడు, వీడే అడ్డం నిలబడ్డాడు అనుకున్నాను. అలా అనుకునే పరీక్ష రాశాను, పైపు లేపించాను. మైకు చేతిలో ఉంది. ఫ్రీక్వెన్సీ మీద అందరూ నాకోసం ఆగి ఉన్నారు. అందిన సిగ్నల్‌కి రిపోర్టు ఇవ్వాలి.

మైకు నొక్కాను.

“కంట్రోల్, ఉయ్యూరు స్టేషన్. మీ సిగ్నల్ చాలా బలహీనంగా ఉందండీ. ఏమీ అర్థం కాలేదు.”

కాసేపటికి గన్నవరం పెద్దాయన గొంతు, ఎన్నడూ లేనంత మెల్లగా వచ్చింది. “అమ్మా, నాకు స్పష్టంగానే వచ్చింది. రిలే చేయమంటారా?”

“వద్దండీ,” అన్నాను.